హెచ్ఐవి వివక్ష మీద ట్రైనింగ్: లెక్చర్ తగ్గించి, చేతులకు పని పెట్టండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు బెంగళూరులో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. మీ పిల్లల్లో చాలామంది అనంతపురం, మదనపల్లె, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళు. పోయిన డిసెంబరు 1న హెచ్ఐవి మీద లెక్చరూ క్విజ్జూ పెట్టారు, మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. వారం తిరక్కుండానే వార్డులో పాజిటివ్ పేషెంటుకు బీపీ చూడడానికి ఆ పిల్లలే రెండు జతల గ్లోవ్స్ వేసుకున్నారు. ఈసారి సగం రోజు టైమిచ్చారు, ఏం చేస్తే ఫలితం ఉంటుంది, ఆయాల్నీ వార్డ్ బాయ్‌లనీ కూడా అదే గదిలో కూర్చోబెట్టాలా అని అడిగారు.

నేను హిందూపురం నుంచి ఇక్కడికొచ్చి స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, చాలా ఏళ్ళు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసి, ఇప్పుడు ఇలాంటి ట్రైనింగులే ఇస్తున్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా, మీ పిల్లలు క్విజ్‌లో అబద్ధం రాయలేదు. ముట్టుకుంటే హెచ్ఐవి అంటుకోదని వాళ్ళకు నిజంగానే తెలుసు. ఇంటర్‌లోనే చదివి వచ్చారు. వాళ్ళకు తెలియనిది వేరే ఉంది. సూది గుచ్చుకుంటే ఆ నిమిషంలో ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మందు ఎక్కడ ఉంటుంది? ఇవి తెలియని మనిషి భయపడడంలో తప్పేమీ లేదు. ఆ భయాన్ని పట్టించుకోకుండా "పేషెంటును ప్రేమగా చూడాలి" అని మనం గంటసేపు చెబితే తలూపుతారు, బయటికెళ్ళి రెండో జత గ్లోవ్స్ తొడుక్కుంటారు. నా లెక్క ప్రకారం ట్రైనింగ్ మొదలవ్వాల్సింది పేషెంటు హక్కుల దగ్గర కాదు, స్టాఫ్ రక్షణ దగ్గర. హక్కుల సంగతి తర్వాత చెబితే చెవికెక్కుతుంది.

అందుకని మొదటి అరగంట సూది గురించే మాట్లాడండి. పాజిటివ్ పేషెంటుకు వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవి వచ్చే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యికి మూడు. అదీ పేషెంటు మందులు వాడనప్పటి లెక్క. మందులు వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) బాగా తగ్గిన పేషెంటైతే ఇంకా తక్కువ. అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేని మనిషికి పేషెంటు పరిస్థితిని బట్టి 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కనే రాసి, "మీకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో ఇంటికెళ్ళాక కార్డు చూసుకోండి" అనండి. గది ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతుంది. వందకు ముప్పై దాకా వచ్చే జబ్బుకు టీకా ఉన్నా వేయించుకోనివాళ్ళు, వెయ్యికి మూడు వచ్చే దానికి పేషెంటు మంచం దగ్గరికి వెళ్ళడం మానేస్తున్నారు. ఇది మీరు నోటితో అనక్కర్లేదు, అంకెలే చెబుతాయి.

తర్వాత పీఈపీ, అంటే సూది గుచ్చుకున్నాక హెచ్ఐవి సోకకుండా వేసుకునే మందు. ఇక్కడే ఎక్కువ సేపు ఆగండి. నేనైతే ఒక అమ్మాయిని లేపి, "రాత్రి రెండు గంటలు. నువ్వొక్కదానివే డ్యూటీలో ఉన్నావు. ఐవీ తీస్తుండగా సూది గుచ్చుకుంది. ఇప్పుడు చెయ్యి" అంటాను. నూటికి తొంభై మంది మొదట చేసే పని వేలు నొక్కి రక్తం పిండడం. కొందరు స్పిరిట్ పోస్తారు. ఒకరిద్దరు వేలు నోట్లో పెట్టుకుంటారు, అలవాటు కొద్దీ. ఈ మూడూ వద్దని అక్కడికక్కడే చెప్పాలి. పిండకూడదు, స్పిరిటూ బ్లీచూ వద్దు, నోట్లో పెట్టుకోకూడదు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడుక్కుంటే చాలు. కంట్లో చిమ్మితే శుభ్రమైన నీళ్ళతో కడగాలి. ఆ వెంటనే "ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావు?" అని అడగండి. నంబరు చెప్పలేదనుకోండి, మీ ట్రైనింగ్‌లో పెద్ద లోటు ఏమిటో తెలిసిపోయినట్టే.

మందు మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మన దేశంలో ఇప్పుడు ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి చొప్పున 28 రోజులు. పేషెంటు రిపోర్టు వచ్చేదాకా మొదటి డోసు ఆపకూడదు. రిపోర్టు నెగటివ్ వస్తే డాక్టరు చూసి ఆపుతారు. ఇదంతా స్లైడ్ మీద చూపిస్తే పోతుంది. మీ ఆసుపత్రిలో ఆ మాత్రలు ఏ అల్మారాలో ఉన్నాయి, రాత్రిపూట తాళం ఎవరి దగ్గర ఉంటుంది, క్యాజువాలిటీలో ఎవరు రాసిస్తారు, ఇవి కనుక్కుని, బ్యాచ్‌ను లేపి ఆ అల్మారా దాకా నడిపించండి. ఒక్కసారి నడిచి చూసిన దారి భయం వేళ గుర్తుంటుంది. తాళం కథ తేలకపోతే ట్రైనింగ్ కంటే ముందు మేనేజ్‌మెంట్‌తో ఆ పని తేల్చుకోండి. మందు అందుబాటులో పెట్టకుండా స్టాఫ్‌కు ధైర్యం చెప్పడం నాకైతే మొహమాటంగా ఉంటుంది.

ఇక అసలు ఆట. దీనికి ఖర్చు లేదు, చార్టు కాగితం చాలు. పోస్టుకార్డు సైజు ముక్కలు కోసి ఒక్కోదాని మీద ఒక్కో పని రాయండి. బీపీ చూడడం, టెంపరేచర్ చూడడం, అన్నం తినిపించడం, పొడి దుప్పటి మార్చడం, రక్తంతో తడిసిన దుప్పటి మార్చడం, రక్తం తీయడం, తల దువ్వడం, బెడ్‌పాన్ తీయడం, సక్షన్ చేయడం, భుజం మీద చెయ్యేసి మాట్లాడడం, కాన్పు చేయడం, శవాన్ని సర్దడం. టేబుల్ మీద మూడు చోట్లు గుర్తుపెట్టండి. ఒకటి "గ్లోవ్స్ అక్కర్లేదు", రెండోది "గ్లోవ్స్ కావాలి", మూడోది "గ్లోవ్స్‌తో పాటు మాస్కు, కళ్ళద్దాలు, ఏప్రాన్ కూడా". సగం మందికి ఒక కట్ట ఇచ్చి, "పేషెంటు అప్పెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి" అని చెప్పండి. మిగతా సగాన్ని వేరే గదిలో కూర్చోబెట్టి, అదే కట్ట ఇచ్చి, అదే మనిషి అని చెప్పి, "హెచ్ఐవి పాజిటివ్" అన్న ఒక్క ముక్క కలపండి.

తర్వాత రెండు టేబుళ్ళూ అందరికీ చూపించండి. మొదటి టేబుల్ మీద బీపీ, తల దువ్వడం, అన్నం పెట్టడం "అక్కర్లేదు" వైపున ఉంటాయి. రెండో దాని మీద అవే కార్డులు "కావాలి" వైపుకు నడిచి వచ్చేస్తాయి. మొదటి టేబుల్ వాళ్ళలో కొందరు రక్తం తీయడాన్ని కూడా "అక్కర్లేదు" కిందే పెట్టి ఉంటారు. "వెయిన్ దొరకదు మేడమ్, ఒట్టి చేత్తో ఈజీ" అంటారు. మీరు పట్టుకోవలసింది ఇదే. పాజిటివ్ అని తెలిసిన పేషెంటు దగ్గర అనవసరంగా తొడుగుతున్నారు, తెలియని పేషెంటు దగ్గర అవసరమైనా తొడగడం లేదు. వార్డులో ఉన్న ముప్పై మందిలో పరీక్ష చేయించుకోనివాళ్ళకు ఏముందో ఎవరికి తెలుసు? ఈమధ్యే సోకినవాళ్ళకు టెస్టు కూడా కొన్ని వారాలు నెగటివ్ చూపించవచ్చు. అందుకే గ్లోవ్స్ వేయాలా వద్దా అన్నది చేసే పనిని బట్టి ఉండాలి, పేషెంటును బట్టి కాదు. రక్తం, శరీర ద్రవాలు తగిలే పనైతే ఎవరికైనా గ్లోవ్స్. తగలని పనైతే ఎవరికీ అక్కర్లేదు. స్టాండర్డ్ ప్రికాషన్స్ అని మనం పరీక్షల్లో రెండు పేజీలు రాసేదంతా ఇంతే.

ఆ కార్డుల గురించి వాళ్ళలో వాళ్ళు వాదించుకోనివ్వండి. మీరు మధ్యలో దూరి తీర్పు చెప్పకండి. బెడ్‌పాన్ దగ్గర పెద్ద గొడవే అవుతుంది, కానివ్వండి.

టైముంటే ఇంకొకటి. గ్లోవ్స్ వేయించి, అరచేతుల్లో ఎర్ర రంగు నీళ్ళు రాసి, "ఇప్పుడు మామూలుగా పని చేసుకో" అనండి. రెండు నిమిషాల్లో ఆ ఎరుపు మంచం రైలింగ్ మీద, పెన్ను మీద, ఫైలు మీద, సెల్‌ఫోన్ మీద కనిపిస్తుంది. గ్లోవ్స్ వేసుకుంటే చాలు, సేఫ్ అనుకునే మనిషికి ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేదు. అక్కడే గ్లోవ్స్ తీసే పద్ధతి, ఆ తర్వాత చేతులు కడుక్కోవడం చేయించేయండి.

ఇంతవరకూ చేస్తే అంటుకుంటుందన్న భయం చాలావరకు దిగుతుంది. కానీ భయం పోయాక కూడా ఒకటి మిగులుతుంది, అదే మొండిది. "వాళ్ళు చేసుకున్నదే కదా." ఇది ఎవరూ క్విజ్‌లో రాయరు. వార్డులో "మీకు ఎలా వచ్చింది?" అని అడిగే గొంతులో వినిపిస్తుంది. కట్టు మార్చడానికి ఆ సమాధానం అక్కర్లేదు, అయినా అడుగుతాం. భర్త వల్ల వచ్చిందంటే ఆమె మీద జాలి, వేరేలా వచ్చిందంటే మూతి విరుపు. మన పిల్లలకు ఇది ఆసుపత్రిలో అబ్బింది కాదు. హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, "ఆ వార్డులో డ్యూటీ వేస్తే ఒద్దని చెప్పు, రేపు పెళ్ళి సంబంధాలు చూడాలి" అనే అమ్మలు ఉన్నారు. ఆ ఒత్తిడి గురించి గదిలో తెలుగులోనే మాట్లాడించండి. ఇంగ్లీషులో అడిగితే పుస్తకంలో ఉన్న సమాధానమే వస్తుంది.

దీనికి లెక్చర్ పనికిరాదు. నాకు తెలిసి పనిచేసేది ఒక్కటే, హెచ్ఐవితో బతుకుతున్న మనిషి మీ పక్కన నిలబడి ట్రైనింగ్ నడపడం. ఇది నా ఒక్కదాని మాట కాదు. మన బెంగళూరులోనే సెయింట్ జాన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి "దృష్టి" అనే కార్యక్రమాన్ని నర్సింగ్ విద్యార్థులకూ వార్డు స్టాఫ్‌కూ తయారుచేసి, ట్రయల్ పెట్టి చూశారు. ట్యాబ్‌లో ఎవరికి వారు చూసుకునే సెషన్లు రెండు, పాజిటివ్ వ్యక్తి కలిసి నడిపే ముఖాముఖి సెషన్ ఒకటి. అది తీసుకున్నవాళ్ళలో అపోహలూ, డ్యూటీలో అంటుకుంటుందన్న బెంగా, వివక్ష చూపే ఉద్దేశమూ మిగతావాళ్ళ కంటే బాగా తగ్గాయి. ట్యాబ్ వాడడంలో నాకు నచ్చింది ఏమిటంటే, సిగ్గుపడి గదిలో అడగలేని ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది, ట్రైనర్ మూడ్‌ను బట్టి పాఠం మారదు. మీ దగ్గర ట్యాబులు లేకపోతే ఫోన్లు ఉన్నాయి కదా, చిన్న వీడియోలు ముందురోజే పంపండి.

పాజిటివ్ నెట్‌వర్కుల (హెచ్ఐవితో బతుకుతున్నవాళ్ళ సంఘాల) ద్వారా మాట్లాడడానికి అలవాటుపడినవాళ్ళు దొరుకుతారు. పిలిచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. బయటి డాక్టర్‌ను పిలిస్తే ఎంత ఇస్తారో అంత ఇవ్వండి, శాలువా కప్పి పంపించేయకండి. ఫొటోలు వద్దు, కాలేజీ ఇన్‌స్టాగ్రామ్‌లో అసలే వద్దు. కన్నీటి కథ చెప్పించి కూర్చోబెట్టకండి. ఆ కార్డుల ఆట ఆయనతోనో ఆమెతోనో నడిపించండి. పాఠం చెప్పే మనిషిగా చూసినవాళ్ళను తర్వాత జాలిపడి చూడడం కష్టం. మందు వేసుకుంటూ, వైరల్ లోడ్ కనిపించనంత తగ్గిన మనిషి నుంచి శారీరక సంబంధం ద్వారా కూడా హెచ్ఐవి సోకదన్న సంగతి ఆ మనిషి నోటి నుంచే వింటే దాని బరువు వేరు. పెళ్ళయింది, పిల్లలున్నారు, పిల్లలకు నెగటివ్ అని చెబితే వెనక బెంచీ నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఆ ప్రశ్నలకు టైము మిగల్చండి, కావాలంటే నా అరగంట సూది లెక్కల్లో కొంత కోసేయండి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. మీ ఎదురుగా కూర్చున్న బ్యాచ్‌లోనే పాజిటివ్ పిల్ల ఎవరైనా ఉండవచ్చు. తల్లికో తండ్రికో ఉన్న పిల్లలు ఉండవచ్చు. "మీలో ఎవరు టెస్ట్ చేయించుకున్నారు, చేతులెత్తండి" లాంటివి పొరపాటున కూడా చేయకండి. "వాళ్ళు", "మనం" అని మాట్లాడడం మొదలైతే మెల్లగా దారి మళ్ళించండి. సెషన్ అయ్యాక ఎవరైనా ఒంటరిగా మీ దగ్గరికి వస్తే ఐసీటీసీ (హెచ్ఐవి కౌన్సెలింగ్, పరీక్ష చేసే కేంద్రం) ఎక్కడుందో, 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ ఏమిటో చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

ఇప్పుడు వార్డు సంగతి. పిల్లలు ఎంత నేర్చుకున్నా, వార్డులో కేస్ షీట్ మీద ఎర్ర స్టిక్కర్, మంచం తలవైపు బోర్డు మీద "ఆర్‌వీడీ" (రెట్రోవైరల్ డిసీజ్, అంటే హెచ్ఐవికి మారుపేరు) అని పెద్దక్షరాలు ఉంటే వాళ్ళు నేర్చుకునేది ఆ స్టిక్కరే. ఆ మూడక్షరాలకు అర్థం క్యాంటీన్ కుర్రాడికి కూడా తెలుసు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టులో ఆఖరున వేయడం, విడిగా థర్మామీటర్ పెట్టడం, బిల్లులో "స్పెషల్ కిట్" అని అదనంగా వసూలు చేయడం, నొప్పులతో వచ్చిన ఆమెను "ఇక్కడ సౌకర్యం లేదు" అని గేటు దగ్గరే తిప్పి పంపడం, ఇవన్నీ మీరు చూసే ఉంటారు. ఓటీ ప్రతి కేసుకూ ఒకేలా శుభ్రం చేయాలి. చేస్తున్నప్పుడు ఆఖరున వేయాల్సిన పని లేదు. చేయడం లేదంటే మిగతా పేషెంట్లందరి గురించీ భయపడాల్సిందే.

ఇక్కడ చట్టాన్ని బయటికి తీయండి. హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా టెస్టు చేయకూడదు, వైద్యం నిరాకరించకూడదు, వివరాలు బయటపెట్టకూడదు. వైద్యం చేసే టీమ్‌లో అవసరమైన వాళ్ళ మధ్య సమాచారం పంచుకోవచ్చు, కానీ అది ఫైలు లోపల ఉండాలి, ఫైలు అట్ట మీద కాదు. స్టాఫ్‌కు నేను ముందు చెప్పేది ఇదే చట్టంలో వాళ్ళకున్న భాగం. రక్తం తగిలే ప్రమాదం ఉన్న ఆసుపత్రి తన సిబ్బందికి రక్షణ సామగ్రి, ట్రైనింగ్, ప్రమాదం జరిగితే పీఈపీ ఇవ్వాల్సిందేనని చట్టమే చెబుతోంది. "ఇది మాకు కూడానా?" అని ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత మిగతా సెక్షన్లు వినడానికి ఓపిక వస్తుంది. 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆరోగ్య సంస్థలో కంప్లైంట్స్ ఆఫీసర్ ఉండాలి. మీ ఆసుపత్రిలో ఆ మనిషి ఎవరో ట్రైనింగ్‌కు ముందే కనుక్కోండి. పేరు ఎవరూ చెప్పలేకపోతే, అడిగారన్న కదలికైనా మొదలవుతుంది.

డాక్టర్ల గురించి రెండు ముక్కలే. వాళ్ళు మీ సెషన్‌కు రారు. కానీ రౌండ్స్‌లో ఒక పెద్ద సర్జన్ పాజిటివ్ పేషెంటు చెయ్యి పట్టుకుని నాడి చూస్తే, వెనకున్న పిల్లలు అది చూసి నేర్చుకుంటారు. రెండడుగులు దూరంగా నిలబడి మాట్లాడితే అదీ నేర్చుకుంటారు. పేరున్న ఒక్క డాక్టర్‌ను బతిమాలైనా పది నిమిషాలు రప్పించండి. పిల్లల్ని ఉత్సాహపరచడానికి ఒక సంగతి కూడా చెప్పమనండి. మన దేశంలో మొదటి హెచ్ఐవి కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలొమన్ దగ్గర చదువుతున్న నిర్మల అనే పీజీ స్టూడెంట్ రక్త నమూనాలు సేకరించి, పరీక్ష చేయించడానికి వెల్లూరు తీసుకెళ్ళారు. ఆ పని చేసింది మీలాంటి ఒక స్టూడెంటే అంటే పిల్లలు తల పైకెత్తుతారు.

ఫలితం ఎలా కొలవాలో మీరు అడగలేదు కానీ చెబుతాను. క్విజ్ పెట్టకండి. మూడు నెలలు పోయాక వార్డులో ఒక పూట ఊరికే తిరగండి. స్టిక్కర్లు ఉన్నాయా, బీపీకి గ్లోవ్స్ వేస్తున్నారా, రక్తం తీసేటప్పుడు వేస్తున్నారా, షార్ప్స్ డబ్బా (వాడిన సూదులు వేసేది) నిండి పొంగుతోందా, షిఫ్ట్ మారేటప్పుడు పేషెంటు గురించి ఎంత గొంతుతో చెప్పుకుంటున్నారు, గోడ మీద పీఈపీ నంబరు ఉందా? ఒక కాగితం మీద రాసుకుని వచ్చి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వండి, పేర్లు లేకుండా.

చివరిది, ఆయాలూ వార్డ్ బాయ్‌లూ. మొదటి భాగం విడివిడిగానే పెట్టండి. స్టూడెంట్ల ముందు ఆయాలు నోరు విప్పరు, మీరు ఇంగ్లీషు కలిపి మాట్లాడితే అసలే విప్పరు. ఇక్కడి వార్డు స్టాఫ్‌లో కన్నడ, తెలుగు, తమిళం మూడూ ఉంటాయి, చదవలేనివాళ్ళు ఉంటారు. అందుకే వాళ్ళ కార్డుల మీద బొమ్మలు వేయించండి. కార్డుల ఆట, సూది సంగతి వాళ్ళ భాషలో అయ్యాక, ఆఖరి గంటకు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. చెత్త సంచీ కట్టేటప్పుడు సూది గుచ్చుకున్న ఆయా ఒకరు దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. ఆవిడ ఇష్టపడితే చెప్పనివ్వండి. సూదికి క్యాప్ తిరిగి పెట్టకుండా, వాడిన వెంటనే గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలని పిల్లలు ఎన్నోసార్లు చదివారు. దాన్ని ఎర్ర సంచీలో పడేస్తే ఎవరి చేతిలో దిగుతుందో ఆవిడ చెయ్యి చాచి చూపిస్తే, ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఎవరూ చెప్పకుండానే డబ్బా వెతుక్కుంటారు. ఆవిడకు ఆ రోజు పీఈపీ ఇప్పించారా, సెలవిచ్చారా, టెస్టులకు డబ్బు ఎవరు పెట్టుకున్నారు అని కూడా అడగండి. జవాబు మేనేజ్‌మెంట్ వాళ్ళు కూర్చుని ఉండగా వస్తే ఇంకా మంచిది.